పాటలో పేరు, పట్టాలో పేరు: గండికోట నుంచి ‘ఎంజాయ్ ఎంజామి’ని వింటే

2021 మార్చిలో ‘ఎంజాయ్ ఎంజామి’ అనే తమిళ పాట వచ్చింది. సినిమా పాట కాదు. మన దగ్గర ‘ప్రైవేటు ఆల్బమ్ పాట’ అంటాం గదా, ఆ జాతి పాట. దానికి హీరో లేడు, కథలో సందర్భం లేదు. మాటలు రాసి పాడినవాడు అరక్కోణం నుంచి వచ్చిన దళిత యువకుడు అరివు. అతనితో కలిసి పాడింది ధీ. సంగీతం సంతోష్ నారాయణన్‌ది. కోట్లమంది విన్నారు. తమిళం ముక్క రానివాళ్ళు గూడా దానికి ఆడారు.

పాట బాగుందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. బాగుంది. భూమి లేని మనుషుల చరిత్రను ఇంత మంది చెవిలో వేసిన పాట ఈ మధ్య కాలంలో మరొకటి లేదు. అయితే ఆ పాట లోకమంతా తిరుగుతున్న కొద్దీ దాన్ని రాసినవాడి పేరు ఎందుకు జారిపోతూ వచ్చింది? ఆ జారుడుకు పాటలోనే ఏదైనా సందు ఉందా? ఈ రెండు ప్రశ్నలూ అడగాలి. మన దగ్గర భూమితో, నీళ్ళతో జరిగిన వ్యవహారాన్ని పక్కన పెట్టుకుని అడిగితే జవాబు ఇంకా తేటగా కనపడుతుంది. అందుకే గండికోట దగ్గర నిలబడి అడుగుతున్నాం.

తమిళ పాటకూ గండికోటకూ ఏం సంబంధం అంటారా? గుంతకల్లు నుంచి మద్రాసు పోయే రైలు కొండాపురం, ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప, రేణిగుంట దాటి అరక్కోణం మీదుగానే పోతుంది. 1953 దాకా కడప జిల్లా, ఉత్తర ఆర్కాటు జిల్లా ఒకే మద్రాసు రాజ్యంలో ఉండేవి. భూమిని కొలిచిన పద్ధతి ఒకటే, శిస్తు రాసిన పద్ధతి ఒకటే, ఆ లెక్కల్లోంచి మాల మాదిగల్ని, పరయర్లని తప్పించిన పద్ధతీ ఒకటే. భాష మారింది గానీ బాధ మారలేదు.

పాట ఏం చెబుతోంది

అరివు అవ్వ పేరు వళ్ళియమ్మ. శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసిన మనిషి. పాటకు మూలం ఆమె జీవితం.

ఆ జీవితం వెనక నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో తెల్లదొరలు సిలోను కొండల మీద ముందు కాఫీ, తర్వాత తేయాకు వేశారు. అడవి కొట్టడానికి, మొక్క నాటడానికి, ఆకు కోయడానికి తమిళ దేశం నుంచి కూలీలను తోలుకుపోయారు. పోయినవాళ్ళలో ఎక్కువ మంది భూమి లేనివాళ్ళు, అందులోనూ ఎక్కువ మంది దళితులు. 1948లో సిలోనుకు స్వాతంత్ర్యం రాగానే అక్కడి పౌరసత్వ చట్టం ఈ తోట కూలీలను ఏ దేశమూ లేనివాళ్ళను చేసింది. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకున్నారు. 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది సిలోనుకు అని పంచుకున్నారు. సంతలో గొర్రెల్ని పంచుకున్నట్టు మనుషుల్ని పంచుకున్నారు. తోట అక్కడే ఉండిపోయింది. తోట నాటినవాళ్ళ బిడ్డలు ఓడెక్కారు.

పాటలో ఈ తేదీలేవీ లేవు. పాట పని తేదీలు చెప్పడం కాదు. అది మొదట పిట్టల్నీ పురుగుల్నీ వరసలు పెట్టి పిలుస్తుంది. ఈ నేలను మనం బాగా బతకమని ఇచ్చిపోయింది మన పూర్వీకులని చెబుతుంది. కుక్కకూ నక్కకూ పిల్లికీ గూడా ఈ చెరువూ కుంటా సొంతమే అంటుంది. చివరికి స్వరం మారుతుంది. చెట్లు నాటి తోట పెంచిన మనిషి, తోట పచ్చబడింది గానీ తన గొంతు తడవలేదని ఏడుస్తుంది.

ఆ ఏడుపుకు తమిళంలో ఒప్పారి అని పేరు. మనం శోకాలంటాం, రాగాలు తీసి ఏడవడం అంటాం. చచ్చినవాళ్ళ ముందు కూర్చుని వాళ్ళ మంచీ చెడూ, తాము పడిన కష్టమూ కలిపి ఆడవాళ్ళు కట్టే పాట అది. అప్పటికప్పుడు పుడుతుంది, అక్కడే పోతుంది. దాన్ని ఎవరూ కవిత్వం అనలేదు. అరివు చేసిన పెద్ద పని ఆ ఒప్పారిని తీసి ర్యాప్ పక్కన కూర్చోబెట్టడం. రెండూ నోటితో కట్టేవే, రెండూ ఊపిరి మీద నడిచేవే. ఒకటి అమెరికాలో నల్లవాళ్ళ వీధుల్లో పుట్టింది, ఇంకోటి మన వాడల్లో పుట్టింది. ఇది మొదటిసారి గాదు. 2018 జనవరిలో మద్రాసులో దర్శకుడు పా. రంజిత్ పూనికతో ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ అనే బృందం మొదటి కచేరీ చేసింది. చావు పాట పాడే గానా గాయకులు, ర్యాప్ పాడే కుర్రాళ్ళు ఒకే వేదిక ఎక్కారు. అరివు ఆ బృందంలోంచి వచ్చినవాడే. 2019లో ‘తెరుక్కురల్’ అనే ఆల్బమ్ చేశాడు. కాబట్టి ‘ఎంజాయ్ ఎంజామి’ ఆకాశంలోంచి ఊడిపడలేదు. దాని వెనక ఉద్యమం ఉంది.

సామి అనే మాట

పాట పేరులోనే ఒక మెలిక ఉంది. ‘ఎంజామి’ అంటే ‘ఎన్ సామి’, మన మాటలో ‘నా సామి’. దాని ముందు ఇంగ్లీషు ‘ఎంజాయ్’ తగిలించాడు. వినేవాడికి మొదట ఎంజాయే వినబడుతుంది. సామి తర్వాత వినబడుతుంది, కొందరికి అసలు వినబడదు.

సామి అన్న మాటను మన కడప, చిత్తూరు పల్లెల్లో ఎవరు ఎవర్ని అంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. ‘రా సామీ, అన్నం తిందువు’ అని అవ్వ మనవణ్ణి పిలుస్తుంది. అదే అవ్వ ఆసామి గడప ముందు దూరంగా నిలబడి ‘కూలి గింజలు పెట్టండి సామీ’ అంటుంది. ఒకే నోరు, ఒకే మాట. ఒకచోట ముద్దు, ఇంకోచోట వంగిన నడుము. తమిళంలోనూ అంతే. భూస్వామిని పిలవాల్సిన మాటతో మనవణ్ణి పిలవడంలో గొప్ప తిరుగుబాటు ఉంది. ‘సామివి నువ్వేరా, వాడు కాదు’ అని చెప్పడం అది. చదువు లేని కూలి అవ్వ ఇంత రాజకీయం మాట్లాడుతుందా అని ఆశ్చర్యపోయేవాళ్ళు వాడలో ఒక రోజు గడిపితే చాలు.

అయితే పాట తమిళ వాడ దాటి బయటికి పోయినప్పుడు ఈ రెండో అర్థం రాలిపోయింది. ఎంజాయ్ ఒక్కటే మిగిలింది. తప్పెటను పెళ్ళికీ జాతరకూ పిలిచి, కొట్టేవాణ్ణి గడప బయట నిలబెట్టడం మనకు తెలిసిన పనే. ఇక్కడ జరిగింది దానికి తమ్ముడు. దరువు ఇంట్లోకి వచ్చింది, మనిషి బయటే ఉన్నాడు.

‘అందరిదీ’ అన్నచోట

ఇప్పుడు పాటతో పేచీకి వద్దాం.

ఈ నేల అందరిదీ, కుక్కదీ నక్కదీ గూడా అనడం చెవికి ఇంపుగా ఉంది. ప్రకృతిని ప్రేమించేవాళ్ళంతా దాన్ని ఎత్తుకున్నారు. పర్యావరణ గీతం అన్నారు. కానీ మన ఊళ్ళలో ‘అందరిదీ’ అన్న మాట ఎట్లా నడిచిందో చూడండి. ఊరుమ్మడి బావి అందరిదే, మనం మాత్రం చేద వెయ్యరాదు. చెరువు అందరిదే, మన రేవు వేరే. శ్మశానం అందరిదే, మన గుంత వేరే. ఊరంటేనే అందరిదని పేరు, వాడ మాత్రం ఊరి లెక్కలో లేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని మెచ్చుకోవడానికి ఎందుకు ఒప్పుకోలేదో ఇక్కడే అర్థమవుతుంది. ఊరు మురికిగుంట అని, అజ్ఞానానికీ ఇరుకు మనసుకూ నిలయమని ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు.

‘అందరిదీ’ అనడానికి ముందు ‘మాది’ అనగలగాలి. మాది అని ఒకసారి గట్టిగా అన్నవాడే తర్వాత అందరికీ పంచగలడు. ఏనాడూ చేతికి రానిదాన్ని పంచడం ఎట్లా?

పాటలో ఆ ‘మాది’ లేకపోలేదు. ఆదికుడి అన్న మాట ఉంది. మొదటినుంచీ ఉన్నవాళ్ళు, ఈ నేలను సాగులోకి తెచ్చినవాళ్ళు అని దాని అర్థం. తెలుగువాళ్ళకు ఆ ‘ఆది’ కొత్త గాదు. 1917లో బెజవాడలో పంచమ సభ అని మొదలైన సభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించాడు. అది ఆది ఆంధ్ర సభ అని పేరు మార్చుకుంది. మేము అయిదో వాళ్ళం కాదు, మొదటివాళ్ళం అని చెప్పింది. తమిళ దేశంలో ఆది ద్రావిడ అన్న మాట అంతకంటే ముందే వచ్చింది. అరివు పాట ఆ వరసలోదే.

కానీ ఆది సభలు అక్కడితో ఆగలేదు. మొదటివాళ్ళమైతే మరి భూమి ఏది, బడి ఏది, బావి ఏది అని అడిగాయి. పాట ఆ రెండో అడుగు వెయ్యలేదు. పూర్వీకులు నేల ఇచ్చిపోయారంటుంది, తోట నాటినా గొంతు తడవలేదంటుంది. ఈ రెంటికీ మధ్య ఎవడో ఒకడు ఆ నేల తీసుకున్నాడు గదా! వాడు పాటలో లేడు. దోపిడి ఉంది, దోచినవాడు లేడు. కులం అన్న మాట పాటలో ఎక్కడా పడదు. అందుకే ఏ కులంవాడైనా, ఏ పెద్ద కమతం ఉన్నవాడైనా ఇబ్బంది పడకుండా దానికి ఆడగలిగాడు.

ఒప్పారి పద్ధతే అది, చచ్చినవాళ్ళ ముందు నేరుగా నిందించదు, సూచనగా చెబుతుంది అని కొందరు వాదించవచ్చు. నిజమే. వాడలో కూర్చుని వింటే ఆ సూచన అందరికీ అందుతుంది, ఎవడు తీసుకున్నాడో పేరు పెట్టి చెప్పక్కర్లేదు. లోకం మొత్తానికి పాడినప్పుడు ఆ సూచన అందదు. మాట కట్టిన చోటు ఒకటి, చేరిన చోటు ఇంకొకటి. మనం నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇది.

పేరు ఎక్కడ జారింది

అరివు ఒక జాగ్రత్త పడ్డాడు. పాట లోపలే వళ్ళియమ్మ పేరు పెట్టాడు. వళ్ళియమ్మ మనవణ్ణి అని తన ఆనవాలూ చెప్పుకున్నాడు.

రాయలసీమ వాళ్ళకు ఈ పద్ధతి బాగా తెలుసు. వేమన పద్యం చివర తన పేరు ఉంటుంది. బ్రహ్మంగారి శిష్యుడు దూదేకుల సిద్దయ్య తత్వాల్లో గురువు పేరూ తన పేరూ అల్లుకుని ఉంటాయి. తాళపత్రం చేతిలో లేనివాడు, ఆస్థానం అండ లేనివాడు పేరును పద్యంలోనే కుట్టుకుంటాడు. నోటికి నోటికి పోయినా పేరు ఊడిపోకుండా వేసిన ముడి అది.

అయినా ముడి ఊడింది. పాటకు డీజే స్నేక్ అనే ఫ్రెంచి సంగీతకారుడు మారురూపం చేశాడు. దాని ప్రచారంలో అరివు పేరు కనపడలేదని 2021లోనే గొడవ వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ‘రోలింగ్ స్టోన్ ఇండియా’ పత్రిక ముఖచిత్రం మీద ధీ బొమ్మ, షాన్ విన్సెంట్ డి పాల్ అనే ఇంకో గాయకుడి బొమ్మ వేసింది. అరివు లేడు. పా. రంజిత్ బహిరంగంగా నిలదీశాడు. తర్వాత ఆ పత్రిక అరివుతో వేరే డిజిటల్ ముఖచిత్రం చేసింది. 2022 జూలై 28న మద్రాసులో చదరంగం ఒలింపియాడ్ ప్రారంభ సభలో ఈ పాట పాడారు. వేదిక మీద ధీ ఉంది, కిడక్కుళి మారియమ్మాళ్ ఉంది. అరివు ఆ సమయానికి దేశంలో లేడు. ఆ తర్వాత అతను తన బాధ బయటపెట్టాడు. పాట తానే కట్టానని, ఎవరూ తనకు బాణీ గానీ మాట గానీ ఇవ్వలేదని, ఇది వళ్ళియమ్మ చరిత్ర అని, భూమి లేని తోట కూలీల చరిత్ర అని చెప్పాడు. అందరూ కలిసి చేసిన పని అని ఒప్పుకుంటూనే చెప్పాడు.

సంతోష్ నారాయణన్ జవాబిచ్చాడు. పాట ఆలోచన నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే పుట్టిందని, దర్శకుడు మణికందన్ పాత్ర గూడా ఉందని, ఆదాయంలో ముగ్గురికీ సమాన వాటా అని చెప్పాడు. తాను ఎప్పుడూ అరివు పేరును ముందు పెట్టే మాట్లాడానని ధీ చెప్పింది. 2024 మార్చిలో సంతోష్ నారాయణన్ ఇంకో సంగతి బయటపెట్టాడు. కోట్ల మంది విన్న ఈ పాట మీద తమకు ఒక్క రూపాయి రాలేదన్నాడు. పాట విడుదల చేసింది ఎ.ఆర్. రహమాన్ అండతో మొదలైన ‘మాజ్జా’ అనే వేదిక. తానూ ఆ వ్యవహారంలో నష్టపోయినవాడేనని రహమాన్ కలిసొచ్చాడని గూడా చెప్పాడు.

ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. ఒక్కరి దురుద్దేశం వెతికితే అసలు సంగతి దొరకదు. పత్రికకు ఒక కారణం ఉంటుంది, ప్రచారం చేసే కంపెనీకి ఇంకో కారణం, సభ పెట్టినవాళ్ళకు మరో కారణం. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక న్యాయమైన జవాబు ఉంటుంది. అన్ని న్యాయమైన జవాబుల చివర లేకుండా పోయింది మాత్రం ఒక్కడే, అదీ ప్రతిసారీ. కులం పనిచేసే తీరే ఇది. దానికి ఎవడూ ఆజ్ఞ ఇవ్వక్కర్లేదు.

అరివు ఏం చేశాడో గూడా చెప్పుకోవాలి. 2024లో తన ఆల్బమ్‌కు ‘వళ్ళియమ్మ పేరాండి’ అని పేరు పెట్టాడు. వళ్ళియమ్మ మనవడు అని అర్థం. పాట లోపల దాచిన పేరును తెచ్చి అట్ట మీద పెట్టాడు. ఇక ఊడదీయాలంటే అట్టే చింపాలి.

గండికోట లెక్క

ఇప్పుడు గండికోటకు వద్దాం. ఎర్రమల కొండల్ని చీల్చుకుని పెన్న పారే గండి. గట్టు మీద కోట. లోపల మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం. పర్యాటక శాఖ, పత్రికలు దీన్ని ‘ఇండియా గ్రాండ్ క్యాన్యన్’ అంటాయి. కెమెరాలు వచ్చి లోయను తీసుకుపోతాయి.

కోట చరిత్ర ఎవరినడిగినా కాకరాజు అంటారు, పెమ్మసాని నాయకులంటారు, మీర్ జుమ్లా అంటారు. 1652లో ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే ఇక్కడికొచ్చి మీర్ జుమ్లాను కలిసి రాసిన సంగతులు చెబుతారు. కట్టించినవాడి పేరుంది, గెలిచినవాడి పేరుంది, చూసిపోయిన తెల్లవాడి పేరు గూడా ఉంది. రాయి మోసినవాడి పేరు లేదు. ధాన్యాగారం నింపిన చేను కోసినవాళ్ళ పేరు లేదు. కోట నోరు తెరిస్తే అది గూడా వళ్ళియమ్మ మాటే చెబుతుంది.

ఇది రాజుల కాలం ముచ్చట అనుకోవద్దు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేశాడు. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరు. చేను చేనుకూ కొలత వేయించి, శిస్తు కట్టే రైతు పేరు లెక్కలో రాయించిన రైత్వారీ పద్ధతి ఈ నేల మీదే గట్టిపడింది. సీమలో ఇప్పటికీ మన్రోకు మంచి పేరుంది. మధ్య దళారీ పోయాడు, రైతు పేరు పుస్తకంలోకి ఎక్కింది, నిజమే. ఆ పుస్తకంలోకి కాడి పట్టిన మాల, బాన కట్టిన మాదిగ మాత్రం అరుదుగానే ఎక్కారు. ఎక్కినచోట వెట్టి మాన్యం, తలారి మాన్యం అని చిన్న చెక్కలు. అవి గూడా ఊరి చాకిరీకి బదులు.

చెరువు కింద నీళ్ళు పారగట్టే నీరుగంటి సంగతి చూడండి. సీమలో చాలా ఊళ్ళలో నీరుగంటి దళితుడే. ఏ మడికి ఎన్ని గడియలు నీళ్ళు వదలాలో, ఏ తూము ఎంత ఎత్తాలో అతనికి తెలిసినట్టు కరణానికి గూడా తెలియదు. ఊరి నీళ్ళన్నీ అతని చేతి మీదుగానే పారాయి. అతని కింద మడి లేదు, ఉన్నా కుంచెడు. తోట పెంచి గొంతు తడవని మనిషి అంటే తమిళ పాటలోనే ఉందనుకుంటామా?

పెద్ద నీళ్ళు తర్వాత వచ్చాయి. గాలేరు-నగరి పథకం కింద గండికోట జలాశయం కట్టారు. నిల్వ సామర్థ్యం సుమారు 27 టీఎంసీలు. శ్రీశైలం నీళ్ళు పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా ఇక్కడికి వస్తాయి. కరువు సీమకు నీళ్ళు కావాలి, అందులో ఎవరికీ రెండో మాట లేదు. ఆ నీళ్ళ కోసం ఊళ్ళు మునిగాయి. 2020లో నిల్వ పెంచినప్పుడు కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరులోకి నీళ్ళు వచ్చాయి. పరిహారం, గడువు తేలకుండా ఎట్లా పొమ్మంటారని జనం రోడ్డెక్కారు. చివరికి ఇళ్ళు వదిలారు.

నీళ్ళు వస్తే ఊరూ మునుగుతుంది, వాడా మునుగుతుంది. నీళ్ళకు కులం లేదు. లెక్క రాసే కాగితానికి ఉంది. ఏ ముంపు ఊళ్ళోనైనా అధికారి మొదట అడిగేది పట్టా ఎవరి పేరున ఉందని. పట్టా భూమి ఉన్నవాడికి భూమి ధర వస్తుంది. డి.కె.టి. పట్టా ఉన్న దళితుడికి, అది ప్రభుత్వం ఇచ్చిన భూమే గదా అని తక్కువ కట్టే అలవాటు చాలాకాలం నడిచింది. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారం కట్టాలని చెప్పింది. ఏ పట్టా లేని కూలి మనిషి పోగొట్టుకున్నది ఏంటి? కలుపు పని, శనక్కాయ పీకే పని, కోతల తర్వాత పరిగ ఏరుకునే చేను, రెండు మేకలు మేసే వంక. వీటికి సర్వే నంబరు లేదు. 1894 భూసేకరణ చట్టం భూమిలో హక్కు ఉన్నవాడినే చూసింది. 2013 చట్టం మొదటిసారి, సేకరణకు ముందు మూడేళ్ళుగా అక్కడ పని చేసి బతికిన కూలి, కౌలు, చేతివృత్తి కుటుంబాలను గూడా బాధిత కుటుంబాలుగా లెక్కపెట్టింది. కానీ మూడేళ్ళుగా అక్కడే పని చేశానని రుజువు ఎవరివ్వాలి? కూలికి హాజరు పుస్తకం ఎక్కడుంది? మళ్ళీ పేరు దగ్గరికే వచ్చాం.

పాటకూ పొలానికీ పోలిక మేం అతికించింది కాదు. చట్టమే రెంటినీ ఒకేలా చూస్తుంది. ఎవరు కట్టారో పేరు లేని పాటను ‘జానపదం’ అంటారు. జానపదం అంటే అందరిదీ అని, అంటే ఎవరిదీ కాదని అర్థం చేసుకుంటారు. దాన్ని మొదట రికార్డు చేసినవాడికి ఆ రికార్డు మీద హక్కు వస్తుంది. పోరంబోకును ముందు కంచె వేసుకున్నవాడి పేరు మీద రాసినట్టు.

మనం చేయగల పనులు

విమర్శ రాసి ఊరుకుంటే చాలదు. కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, పాట సేకరించేటప్పుడు పాడిన మనిషి పేరు ముందు రాయాలి. మన విశ్వవిద్యాలయాల్లో జానపద గేయ సంపుటాలు బోలెడు వచ్చాయి. అట్ట మీద సేకర్త పేరు పెద్దగా ఉంటుంది. పాడినవాళ్ళు లోపల ఎక్కడో చివర ఉంటారు, ఒక్కోసారి అసలు ఉండరు. ‘ఒక వృద్ధ స్త్రీ’ అని రాయకండి. ఆమె ఒప్పుకుంటే పేరు, ఊరు, వాడ, ఏ పని చేస్తూ పాడింది, ఏ తేదీన పాడింది రాయండి. రాసిన కాగితం నకలు ఆమె ఇంట్లో ఉంచండి.

రెండు, పాట కట్టే పిల్లలకు హక్కు చెప్పండి. 1957 కాపీరైటు చట్టం 57వ సెక్షను ప్రకారం హక్కులు అమ్ముకున్నా గూడా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకు మిగులుతుంది. 2012 సవరణ తర్వాత పాట రాసినవాడికి, బాణీ కట్టినవాడికి రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. దాన్ని వారసులకు గానీ కాపీరైటు సొసైటీకి గానీ తప్ప ఇంకెవరికీ రాసివ్వడం చెల్లదు. ఈ సంగతి తెలియక మన కుర్రాళ్ళు ఐదు వేలకో, స్టూడియోలో ఒక అవకాశానికో పాటను వదిలేసుకుంటున్నారు.

మూడు, ముంపు ఊళ్ళలో, కొత్త ప్రాజెక్టుల కింద పోబోయే ఊళ్ళలో వాడల లెక్క మనమే రాయాలి. ఎవరు ఎవరి చేనులో ఎన్నేళ్ళు పని చేశారు, ఎవరికి ఏ డి.కె.టి. చెక్క ఉంది, ఎవరు నీరుగంటి చేశారు. ఉపాధి హామీ జాబు కార్డు, రేషన్ కార్డు, ఓటరు జాబితా దగ్గర పెట్టుకుని రాయాలి. 2013 చట్టం అడిగే మూడేళ్ళ రుజువుకు అదే ఆధారం. నీళ్ళు వచ్చాక రాస్తే లాభం లేదు.

నాలుగు, తరగతి గదిలో ఈ పాట వినిపించండి. దరువు విననివ్వండి, కావాలంటే ఆడనివ్వండి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. ఈ పాటలో తోట ఎవరు నాటారు? తోట ఎవరు తీసుకున్నారు? ఆ రెండోవాడి పేరు పాటలో ఎందుకు లేదు? పిల్లలు ఇంటికి పోయి వాళ్ళ అవ్వను ఇవే అడిగితే అవ్వ చెప్పే జవాబులో పేర్లన్నీ ఉంటాయి.

1995లో ‘చిక్కనవుతున్న పాట’, 1996లో ‘పదునెక్కిన పాట’ అని దళిత కవితా సంకలనాలు వచ్చినప్పుడు, పాట అన్న మాటను మనం ఊరికే అట్ట మీద పెట్టుకోలేదు. కారంచేడు, చుండూరు తర్వాత పాట మనకు సాక్ష్యం అయింది. 1994లో మొదలైన మాదిగ దండోరా, చావుకు కొట్టే డప్పునే వాటా అడిగే డప్పును చేసింది. ‘ఎంజాయ్ ఎంజామి’ సాక్ష్యం చెప్పింది, వాటా అడగలేదు. అడగకపోయినా దాని చుట్టూ జరిగిన గొడవ ఆ ప్రశ్న అడిగింది. గండికోట చుట్టూ శనక్కాయలు వలుస్తూ, నాట్లు వేస్తూ అవ్వలు పాడుకునే పాటలు ఇంకా ఉన్నాయి. మునిగిన ఊళ్ళ పాటలు వాళ్ళ నోళ్ళలోనే ఉన్నాయి. ఏ కంపెనీ మైకు పట్టుకుని వచ్చేలోగా మనం పోయి, పాటకంటే ముందు పేరు రాసుకోవాలి.